అరచేతిలో సున్నా

(మహిళల కార్యక్రమంలో ప్రసారమైన ప్రసంగ పాఠం)



పిల్లలు బడి నుంచి పరీక్ష కాగితాలు పట్టుకొచ్చిన రోజు మన ఇళ్ళల్లో ఎలా ఉంటుందో నేను వేరే చెప్పనక్కర్లేదు. వాళ్ళు చెప్పులు విప్పకముందే మన నోట్లోంచి వచ్చే మొదటి మాట, "ఎన్నొచ్చాయ్?" రెండో మాట, "పక్కింటి పిల్లకెన్ని?" మూడో మాట ఏమిటన్నది ఆ రెండు జవాబుల్ని బట్టి ఉంటుంది. నేనూ ఇద్దరు పిల్లల తల్లినే. ఈ మాటలు ఎన్నోసార్లు అన్నదాన్నే. అందుకని ఎవరికో నీతులు చెప్పడానికి వచ్చానని మాత్రం అనుకోకండి.

మేముండేది పటాన్‌చెరు దగ్గర ఒక కాలనీలో. 1960లలో రామచంద్రాపురంలో బి.హెచ్.ఇ.ఎల్. వచ్చింది. 1972లో పటాన్‌చెరులో ఇక్రిశాట్ పెట్టారు. ఆ తర్వాత పాశమైలారం, బొల్లారం వైపు కంపెనీలు వరస కట్టాయి. కంపెనీలతోపాటు ఎక్కడెక్కడి జనమో వచ్చారు. మా వీధిలో నాలుగిళ్ళు లెక్కపెడితే నాలుగు భాషలు వినిపిస్తాయి. మా వెనక వాటాలో ఒడిశా నుంచి వచ్చిన కుటుంబం ఉంది. ఆయన కంపెనీలో షిఫ్టు డ్యూటీ చేస్తాడు. వాళ్ళ పాప దగ్గర్లోని సర్కారు బడిలో నాలుగో తరగతి.

ఓ సాయంత్రం ఆ పాప తల్లి లెక్కల నోటుబుక్కు పట్టుకుని కంగారుగా వచ్చింది. "దీదీ, టీచర్ మార్కులే వెయ్యలేదు. పిల్ల పాసా, ఫెయిలా?" అంది.

నోటుబుక్కులో మూడు తీసివేతలున్నాయి. 402లోంచి 168 తీస్తే 366 అని రాసింది. 503లోంచి 247 తీస్తే 344 అట. 600లోంచి 275 తీస్తే 475 అట. మూడూ తప్పే. నేనైతే మూడు ఇంటూ గుర్తులు పెట్టి, పైన పెద్ద సున్నా చుట్టి ఇచ్చేదాన్ని. ఆ టీచరమ్మ మాత్రం లెక్కల్లోని సున్నాల చుట్టూ పెన్సిల్‌తో చిన్న గుండ్రాలు చుట్టి, కింద ఒక్క ముక్క రాసింది: "ఇక్కడ ఎలా చేశావో రేపు నాకు చెప్పు."

పాపని పిలిచి నేనూ అదే అడిగాను. ఆ పిల్ల ఏమాత్రం తడుముకోకుండా చెప్పింది. "పైన చిన్న అంకె ఉంది, కింద పెద్దది ఉంది ఆంటీ. పెద్దదాంట్లోంచి చిన్నది తీసేశాను." అంటే పైన రెండు, కింద ఎనిమిది ఉంటే ఎనిమిదిలోంచి రెండు తీసి ఆరు వేసిందన్నమాట. మూడు లెక్కల్లోనూ అదే పని చేసింది. ఆ పిల్లకి తీసివేత వచ్చు. కూడికా వచ్చు. రానిది ఒక్కటే, పక్క స్థానంలో సున్నా ఉన్నప్పుడు అప్పు ఎక్కణ్ణుంచి తెచ్చుకోవాలన్నది.

మర్నాడు ఆ తల్లికి తోడుగా నేనూ బడికి వెళ్ళాను. టీచరమ్మ చీపురు పుల్లల్ని పదేసి చొప్పున కట్టలు కట్టి, అలాంటి పది కట్టల్ని కలిపి వంద కట్ట చేసి, పాప చేత ఒక వంద కట్టని విప్పిస్తోంది. "మార్కేస్తే పిల్ల మార్కునే చూస్తదండీ, తప్పును చూడదు. ఈ తప్పు నేను గూడ చూడాలె గద, రేపు ఏం చెప్పాల్నో నాకెట్ల తెలుస్తది?" అంది నాతో.

ఆ మాట నన్ను పట్టుకుని వదల్లేదు. పరీక్ష పిల్లకోసమే కాదు, పంతులమ్మ కోసం కూడానా? నేను పదో తరగతితో చదువు ఆపేసినదాన్ని. ఇదేదో కొత్త పద్ధతి కాబోలనుకున్నాను. గ్రంథాలయానికి వెళ్ళి పాత పుస్తకాలు తిరగేస్తే, ఇది మన వీధిబడి అరుగు మీద కూడా ఉండేదని తెలిసింది. దాని పక్కనే, దానికి పూర్తిగా విరుద్ధమైనదీ ఉండేది. ఆ రెండింటి కథే ఇవాళ మీకు చెబుతాను.

1822లో మద్రాసు గవర్నరు థామస్ మన్రో, తన ఏలుబడిలో ఎన్ని బడులున్నాయో, అందులో ఎందరు చదువుతున్నారో రాసి పంపమని జిల్లా కలెక్టర్లందరినీ అడిగాడు. బళ్ళారి కలెక్టరు ఎ.డి. క్యాంప్‌బెల్ 1823 ఆగస్టులో జవాబు రాశాడు. ఇప్పటి అనంతపురం ప్రాంతం కూడా అప్పట్లో బళ్ళారి జిల్లాలోదే. ఈ క్యాంప్‌బెల్ తెలుగు బాగా నేర్చినవాడు. 1816లోనే తెలుగుకి ఇంగ్లీషులో వ్యాకరణం రాశాడు. కాబట్టి బడి గుమ్మంలో నిలబడి చూసి వెళ్ళిపోయిన దొర కాదు. ఆయన లెక్కప్రకారం జిల్లాలో 533 బడులు, 6,641 మంది పిల్లలు. అందులో ఆడపిల్లలు ఎందరో తెలుసా అండీ? అరవై మంది! ఆ అరవై మంది ఎవరి పిల్లలో, ఎంతవరకు చదివారో గానీ, ఆ అంకె దగ్గర నేను కాసేపు ఆగిపోయాను.

అప్పటి బడిలో రోజు ఎలా మొదలయ్యేదో ఆయన రాశాడు. పొద్దున్న ఆరింటికే బడి. అందరికన్నా ముందొచ్చిన పిల్లవాడి అరచేతిలో పంతులుగారు సరస్వతి పేరు రాసేవారు. అది గౌరవం. రెండోవాడి చేతిలో సున్నా. వాడికి మెప్పూ లేదు, తిట్టూ లేదు అని దాని అర్థం. మూడోవాడికి బెత్తంతో ఒక చిన్న దెబ్బ. నాలుగోవాడికి రెండు. ఆ తర్వాత వచ్చేవాళ్ళకి ఒక్కొక్కటి చొప్పున పెరుగుతూ పోయేవి. సోమరిపోతులకీ అల్లరివాళ్ళకీ తాడుతో పైకి వేలాడదీసే శిక్ష కూడా ఉండేది. మన పెద్దవాళ్ళు కోదండం అని కథలుగా చెప్పేది దాన్నే.

ఇది కూడా ఒక రకం మార్కులే కదండీ! సరస్వతి అంటే ఫస్టు ర్యాంకు. సున్నా అంటే సెకండు. మిగిలినవాళ్ళకి దెబ్బలు. అయితే ఈ మార్కులు దేనికి వేశారు? ఎవరు ముందు వచ్చారన్నదానికి. నిన్న చెప్పిన గుణింతం ఎవరికి వచ్చింది, ఎవరికి రాలేదు అన్నది అరచెయ్యి చూస్తే తెలియదు. దూరం నుంచి నడిచి వచ్చే పిల్లవాడు ఎంత తెలివైనవాడైనా రోజూ దెబ్బలు తినవలసిందే.

ఇక అదే అరుగు మీద రెండో పద్ధతి చూడండి. పిల్లలు నేలమీద పరిచిన ఇసుకలో వేలితో అక్షరాలు దిద్దేవారు. అక్షరం వంకర పోతే అరచేత్తో చెరిపి మళ్ళీ రాసుకోవడమే. బడి మొత్తాన్ని సుమారు నాలుగు జట్లుగా చేసేవారు. కింది జట్లకి పై జట్టు పిల్లలే నేర్పేవారు, పంతులుగారు పెద్దవాళ్ళకి చెబుతూనే బడి అంతటి మీదా ఒక కన్ను వేసి ఉంచేవారు. ఒక జట్టులోంచి పై జట్టుకి వెళ్ళడానికి ఏడాది పూర్తవనక్కర్లేదు, పబ్లిక్ పరీక్ష రాయనక్కర్లేదు. ఆ పిల్లవాడి శక్తిని బట్టి, ఎంత వచ్చిందన్నదాన్ని బట్టి పైకి పంపేవారు. పెద్ద పిల్లవాడు చిన్నవాడికి చెబుతున్నప్పుడు వీడి చదువూ గట్టిపడేది. ఈ పద్ధతిని క్యాంప్‌బెల్ ఎంతో మెచ్చుకున్నాడు, ఇంగ్లండు దీన్ని అనుకరించిందీ అంటే అందుకు తగినదేనన్నాడు. అనుకరించిన మాట నిజమే. మద్రాసులో అనాథ బాలుర ఆశ్రమం నడిపిన ఆండ్రూ బెల్ అనే ఆయన ఈ ఇసుక రాతనీ, పిల్లలు పిల్లలకి చెప్పడాన్నీ చూసి, తన బడిలో పెట్టి, 1797లో లండన్‌లో పుస్తకం వేశాడు. అక్కడ దానికి మద్రాసు పద్ధతి అని పేరు వచ్చింది.

అలాగని మన వీధిబడులన్నీ బంగారమని నేననను. పిల్లలు పద్యాలకి పద్యాలు అప్పజెబుతారు గానీ వాటి అర్థం వాళ్ళకి తెలియదని కూడా అదే క్యాంప్‌బెల్ రాశాడు. నేను చూడమంటున్నది ఒక్కటే. ఒకే అరుగు మీద, ఒకే పంతులుగారి దగ్గర రెండు రకాల పరీక్షలుండేవి. మొదటిది పిల్లల్ని వరసలో నిలబెట్టడానికి. రెండోది, ఈ పిల్లవాడికి ఇప్పుడేం నేర్పాలో పంతులుగారికి తెలియడానికి. తర్వాతి నూటయాభై ఏళ్ళల్లో మొదటిది మర్రిచెట్టులా పెరిగింది. రెండోదానికి దాని నీడలో ఎండ తగలకుండా పోయింది.

అది ఎలా జరిగిందంటారా? 1857లో మద్రాసు విశ్వవిద్యాలయం పుట్టింది, దాంతో మెట్రిక్యులేషన్ పరీక్ష వచ్చింది. ఆ పరీక్ష గడప దాటితేనే కాలేజీ, దాటితేనే మంచి ఉద్యోగం. మరోపక్క ఇంగ్లండులో 1862లో ఒక కొత్త నిబంధన పెట్టారు. ఏడాదికోసారి ఇన్‌స్పెక్టరు బడికి వస్తాడు. చదవడం, రాయడం, లెక్కల్లో ఒక్కొక్క పిల్లవాణ్ణీ పరీక్షిస్తాడు. ఎందరు పాసైతే బడికి అంత డబ్బు. ఫలితాన్ని బట్టి గ్రాంటు అన్నమాట. అదే ఏర్పాటు 1860లలోనే మద్రాసు రాష్ట్రానికీ వచ్చింది, అంటే కోస్తా, రాయలసీమ బడులకి కూడా.

ఒక్కసారి ఆ బడిపంతులు స్థానంలో మనల్ని ఊహించుకుందాం. పిల్లవాడు తప్పు చేశాడంటే మన పొయ్యి మీద బియ్యం తగ్గుతుంది. అప్పుడు ఆ తప్పు ఎందుకు వచ్చిందని కూచుని ఆలోచిస్తామా, ఇన్‌స్పెక్టరు గారు అడగబోయేవి బట్టీ పట్టిస్తామా? ఇంగ్లండులో ఇన్‌స్పెక్టరుగా పనిచేసిన మాథ్యూ ఆర్నాల్డ్ అనే ప్రసిద్ధ కవి ఈ పద్ధతి చదువుని మరయంత్రంలా మార్చేస్తోందని తన నివేదికల్లో మొత్తుకున్నాడు. అక్కడ దాన్ని ఎత్తెయ్యడానికి ముప్ఫై ఏళ్ళకి పైగా పట్టింది. నిబంధన పోయింది గానీ అలవాటు పోలేదు. పరీక్ష అంటే బడి బయటివాళ్ళకి చూపించుకునేదని అందరి మనసుల్లోనూ పాతుకుపోయింది.

1911 ప్రాంతంలో మద్రాసులో మెట్రిక్యులేషన్ బదులు ఎస్.ఎస్.ఎల్.సి. వచ్చింది. అందులో ఒక మంచి ఆలోచన ఉంది. చివరి పరీక్ష ఒక్కటే కాకుండా, పిల్లవాడు హైస్కూల్లో ఏళ్ళ తరబడి తరగతిలో తెచ్చుకున్న మార్కులు కూడా ఆ సర్టిఫికెట్ పుస్తకంలో రాసేవారు. ఇవాళ మనం ఇంటర్నల్ మార్కులంటూ తగువులాడుకునేదానికి నూరేళ్ళ పైబడి వయసుందన్నమాట.

మరి మా సంగారెడ్డి సంగతి? అప్పుడిది నిజాం రాజ్యంలో మెదక్ జిల్లా. పై చదువులు ఎక్కువగా ఉర్దూలోనే. 1918లో హైదరాబాదులో మొదలైన ఉస్మానియా విశ్వవిద్యాలయం కూడా ఉర్దూలోనే బోధించింది. ఒక దేశభాషలో అంత పెద్ద చదువులు చెప్పడం గొప్పే, కాదనను. కానీ ఇంట్లో తెలుగు తప్ప మరో మాట వినని పిల్లవాడి సంగతి ఏమిటి? వాడు లెక్కల పరీక్ష తప్పాడనుకోండి. వాడికి లెక్క రాలేదా, లెక్క అడిగిన భాష రాలేదా? మార్కు చూస్తే ఆ తేడా తెలియదు. మా వెనక వాటా పాప విషయంలోనూ ఇదే ప్రశ్న ఉంది. ఇంట్లో ఒడియా, వీధిలో హిందీ, బడిలో తెలుగు. తీసివేతని ఆ పాప తన మాటల్లో చెప్పబట్టే కదా, తప్పు భాషలో లేదనీ సున్నా దగ్గర ఉందనీ మాకు తెలిసింది!

ఇక్కడ నా సొంత గోడు కొంచెం చెప్పుకోనివ్వండి. తొమ్మిదో తరగతి దాకా నేను లెక్కల్లో ఫర్వాలేదు. ఆ ఏడు క్వార్టర్లీ పరీక్ష కాగితం మీద ఎర్ర సిరాతో 28 అని వేసి ఇచ్చారు. లోపల అన్నీ ఇంటూలే, ఒక్క మాట లేదు. నాన్నగారు సంతకం పెడుతూ, "ఆడపిల్ల, లెక్కలతో ఏం పని లే" అన్నారు. అది నన్ను ఓదార్చడానికే అన్నారు. నేనూ సరేననుకున్నాను. పదో తరగతి ఎలాగో గట్టెక్కి చదువు మానేశాను. నాకు లెక్కలు రావని పాతికేళ్ళు అందరికీ నవ్వుతూ చెప్పాను.

మా అబ్బాయి ఎనిమిదో తరగతికి వచ్చాక, వాడితోపాటు కూచుని బీజగణితం చూస్తున్నాను. బ్రాకెట్ ముందు మైనస్ ఉంటే, బ్రాకెట్ తీసేటప్పుడు లోపలి గుర్తులన్నీ మారాలని వాడు చెప్పాడు. నేను మొదటి గుర్తు ఒక్కటే మార్చి ఊరుకునేదాన్ని. మా అమ్మ ట్రంకుపెట్టెలో నా పాత కాగితాలన్నీ దాచింది. పుట్టింటికి వెళ్ళినప్పుడు పనిగట్టుకుని తీసి చూశాను. తప్పిన లెక్కల్లో ముప్పాతిక వంతు ఆ ఒక్క కారణం వల్లే తప్పాయి. "గుర్తులన్నీ మార్చు" అని రెండు ముక్కలు రాసి ఉంటే సరిపోయేది. ఆ పంతులుగారిని నేనేమీ అనను. క్లాసులో అరవై మందిమి, దస్తాలకి దస్తాల కాగితాలు దిద్దాలి. ఆయన్ని పైవాళ్ళు అడిగేదీ మార్కుల రిజిస్టరే. కానీ ఆ 28 నాకేం నేర్పింది? నేను ఎవరినో చెప్పింది గానీ, ఏం చెయ్యాలో చెప్పలేదు.

వంటింట్లో మనం ఇలా చేస్తామా అండీ? మొదటి అట్టు పెనానికి అంటుకుంటే, పిండికి 28 మార్కులు వేసి పారబోస్తామా? మంట తగ్గిస్తాం. ఉల్లిపాయ ముక్కతో పెనం రుద్దుతాం. పిండి గట్టిగా ఉంటే చారెడు నీళ్ళు కలుపుతాం. రెండో అట్టు చక్కగా లేస్తుంది. మొదటి అట్టే మనకి పాఠం. చదువు శాస్త్రంలో దీనికి 1967లో మైకేల్ స్క్రివెన్ అనే పండితుడు వేరే పేరు పెట్టాడు. పని జరుగుతుండగా దాన్ని బాగుచెయ్యడానికి చేసే పరీక్ష ఫార్మేటివ్. పని అంతా అయ్యాక ఎలా ఉందో తేల్చడానికి చేసేది సమ్మేటివ్. మన పిల్లల ప్రోగ్రెస్ కార్డుల్లో ఎఫ్.ఎ., ఎస్.ఎ. అని రాసేవి ఈ రెండే.

వీధిబడి అరుగు మీద వాడిపోయిన ఆ రెండో మొక్క మళ్ళీ చిగిర్చింది కూడా మన తెలుగునేల మీదే. మదనపల్లె దగ్గర రిషివ్యాలీ బడి ఉంది. ఆ ఊళ్ళో పుట్టిన జిడ్డు కృష్ణమూర్తి స్థాపించినది. ఆ చుట్టుపక్కల పల్లెల్లో ఒక్కడే పంతులు, అయిదు తరగతులు ఉండే చిన్న బడులకోసం 1980ల చివరి నుంచి పద్మనాభరావు, రమ అనే దంపతులు ఒక పద్ధతి తయారుచేశారు. ఏడాది పాఠాన్ని చిన్న చిన్న మెట్లుగా విడగొట్టి, ఒక నిచ్చెనలాగ గోడకి తగిలించారు. ఒక్కొక్క మెట్టుకీ బొమ్మల కార్డులు. కొన్ని కార్డులు నేర్చుకోవడానికి, కొన్ని అభ్యాసానికి, చివర్లో ఒకటి సరిచూసుకోవడానికి. సరిగ్గా వస్తే పిల్లవాడు పై మెట్టుకి వెళతాడు. రాకపోతే అదే మెట్టు మీద మరో దారిన నేర్పే కార్డు తీసుకుంటాడు. ఫెయిలు అన్న మాటే లేదు. జ్వరం వచ్చి పది రోజులు మానేసిన పిల్ల కూడా ఆగిన మెట్టు దగ్గరే మొదలుపెట్టొచ్చు. వేరుశనక్కాయలు కొట్టే రోజుల్లో బడి మానేసే పల్లె పిల్లలకి అదెంత వెసులుబాటో ఆలోచించండి!

కొందరు పంతులు దగ్గర, కొందరు తోటిపిల్లల దగ్గర, కొందరు ఎవరి సాయమూ లేకుండా కూచుని నేర్చుకుంటారు. క్యాంప్‌బెల్ చూసిన నాలుగు జట్లు గుర్తొస్తున్నాయి కదూ? ఈ నిచ్చెన 1995లో మైసూరు జిల్లాకి వెళ్ళి నలి-కలి అయింది. 2003 నుంచి చెన్నై కార్పొరేషన్ బడుల్లోకి, ఆ పైన తమిళనాడు అంతటికీ వెళ్ళింది.

తర్వాత చట్టం వచ్చింది. 2010 ఏప్రిల్ 1 నుంచి అమలైన విద్యాహక్కు చట్టం, పిల్లల్ని ఏడాది పొడుగునా, అన్ని విధాలా గమనిస్తూ మూల్యాంకనం చెయ్యాలంది. మన రాష్ట్రంలోనూ నిరంతర సమగ్ర మూల్యాంకనం అన్న పెద్ద పేరుతో అది బడుల్లోకి వచ్చింది. పాఠంలో పిల్లల పాలుపంచుకోవడం, వాళ్ళ రాతపనులు, ప్రాజెక్టు పనులు, ఒక చిన్న స్లిప్ టెస్టు, ఈ నాలుగింటినీ చూడమన్నారు. 2015 మార్చి పదో తరగతి పరీక్షల నుంచి 80 మార్కులు పబ్లిక్ పరీక్షకి, 20 మార్కులు బడి చేతికి ఇచ్చారు.

ఉద్దేశం చక్కనిదే. దాన్ని మనం ఏం చేశామో చెప్పమంటారా? మా అమ్మాయికి ఒకసారి నీటి కాలుష్యం మీద ప్రాజెక్టు ఇచ్చారు. మా పటాన్‌చెరు పిల్లలకి అంతకన్నా దగ్గర విషయం ఏముంది? నక్కవాగు పక్కకి తీసుకెళ్ళి చూపించి, అక్కడి ముసలమ్మతో నాలుగు మాటలు మాట్లాడించి ఉంటే ఎంత బాగుండేది! నేనేం చేశానూ? బజారుకెళ్ళి అచ్చు బొమ్మలు కొన్నాను. రాత్రి పదకొండింటి దాకా కూచుని కత్తిరించి, అంటించి, రంగు పెన్నులతో శీర్షికలు రాశాను. పిల్ల నిద్రపోయింది. అయిదుకి అయిదు మార్కులొచ్చాయి. అవి ఎవరి మార్కులంటారు? ఇలా మనమూ, రిజిస్టరు నింపే తొందరలో కొన్ని బడులూ కలిసి రెండో పద్ధతిని కూడా మొదటి పద్ధతిలోకే దింపేశాం. ఆ 20 మార్కుల మీద అందరికీ నమ్మకం సడలిందంటే ఆశ్చర్యమేముంది? 2024 నవంబరులో తెలంగాణలో వాటిని తీసేస్తామని ఉత్తర్వు వచ్చింది, కొద్ది రోజులకే ఆ ఏడాదికి వాయిదా పడింది. 20 ఉండాలా పోవాలా అని పెద్దలు వాదించుకున్నారు. మార్కులు ఎవరి చేతిలో ఉన్నా, పిల్లల తప్పుని ఎవరైనా కూచుని చూస్తున్నారా అన్నది దానికంటే పెద్ద ప్రశ్న అని నాకనిపిస్తుంది.

ఈ విషయంలో రూత్ బట్లర్ అనే పరిశోధకురాలు ఇజ్రాయెల్‌లో చేసి 1988లో ప్రకటించిన ఒక ప్రయోగం నాకు చాలా నచ్చింది. పిల్లల్ని మూడు జట్లు చేసింది. ఒక జట్టు కాగితాల మీద మార్కులు మాత్రమే. ఒక జట్టుకి మార్కుల్లేకుండా ఏం బాగుంది, ఏం దిద్దుకోవాలి అన్న మాట మాత్రమే. మూడో జట్టుకి మార్కూ, మాటా రెండూ. తర్వాతి పనిలో మాట మాత్రమే అందుకున్న పిల్లలు ముందుకెళ్ళారు, వాళ్ళకి ఆసక్తీ నిలిచింది. మరి రెండూ ఇచ్చినవాళ్ళకి డబుల్ లాభం రావాలి కదా? రాలేదు. వాళ్ళు మార్కులు మాత్రమే అందుకున్నవాళ్ళలాగే ఉండిపోయారు. అంకె కనపడ్డాక పక్కనున్న మాటని ఎవరు చదువుతారు? మా ఊరి టీచరమ్మ ఆ ప్రయోగం పేరు వినిందో లేదో నేను అడగలేదు. కానీ మార్కేస్తే పిల్ల మార్కునే చూస్తుందని ఆవిడ చెప్పింది ఇదే కదా!

కరోనాలో బడులు మూతపడి పిల్లలు అక్షరాలు సైతం మరిచిపోయాక, 2022లో తెలంగాణ సర్కారు ఒకటి నుంచి అయిదో తరగతి వరకు తొలిమెట్టు అనే కార్యక్రమం మొదలుపెట్టింది. ముందు ప్రతి పిల్లకీ ఏం వచ్చో చిన్న పరీక్షతో చూడటం, ఆ వచ్చినదాన్ని బట్టి జట్లు చెయ్యడం, అక్కణ్ణుంచి నేర్పడం. పేరులోనూ మెట్టే ఉంది చూశారా? 1823లో అరుగు మీద ఉన్నదీ, రిషివ్యాలీ గోడ మీద ఉన్నదీ, మా వీధి చివరి బడిలో చీపురు పుల్లలతో జరిగిందీ ఒకటే.

మరి ఇందులో మన వంతేమిటి? నేను మా ఇంట్లో చేస్తున్నది చెబుతాను. పరీక్ష కాగితం వచ్చిన రోజు "ఎన్ని" అని ముందు అడగను. నోరు ఊరుకోదు, నిజమే, అయినా ఆపుకుంటాను. అన్నం పెట్టాక కాగితం ముందేసుకుని, "ఇది ఎలా చేశావో నాకు చెప్పు" అంటాను. తప్పిన లెక్కే కాదు, ఒప్పయిన లెక్క కూడా చెప్పమంటాను. లేకపోతే చెప్పమనడమే తిట్టు అయిపోతుంది. పిల్లలు చెబుతూ చెబుతూ ఉండగానే సగం తప్పులు వాళ్ళకే దొరుకుతాయి. మనకి ఆ పాఠం రానక్కర్లేదు, వినే ఓపిక ఉంటే చాలు. బడిలో తల్లిదండ్రుల సమావేశానికి వెళ్ళినప్పుడు ర్యాంకు అడక్కుండా, "మా పిల్ల ఎక్కడ ఆగుతోంది, ఇంట్లో నేనేం చెయ్యొచ్చు?" అని అడగండి. మొదటిసారి అలా అడిగినప్పుడు మా అమ్మాయి టీచరు నావైపు వింతగా చూసింది. రెండోసారికి నాకోసం నోటుబుక్కు తీసి సిద్ధంగా ఉంచింది. ఇక ప్రాజెక్టులంటారా, వంకర టింకరగా ఉన్నా వాళ్ళనే చెయ్యనివ్వండి. అయిదుకి మూడొస్తే ఆ మూడూ వాళ్ళవే.

ఆ పాప మొన్న పరుగెత్తుకుంటూ వచ్చింది. 1000లోంచి 457 తీస్తే ఎంతో నన్ను చెప్పమంది. నేను వేళ్ళు మడుస్తుంటే, "వెయ్యి కట్ట విప్పండి ఆంటీ" అని నవ్వింది. దాని అరచేతి నిండా పెన్సిల్‌తో వేసుకున్న లెక్కలు. అందులో సున్నాలు చాలానే ఉన్నాయి. ఒక్కటీ దాన్ని భయపెట్టినట్టు లేదు.